సువార్తమ్మ శ్రుతి

ముప్పై ఏళ్లకు పైగా ఒక పాపం మోస్తున్నాను. పాపం అనే మాట మా మందిరంలో ప్రతి ఆదివారం వినబడుతుంది. అందరం కలిసి ఒప్పుకుంటాం, అందరం కలిసి లేచి ఇళ్లకు పోయి అన్నం తింటాం. అలా ఒప్పుకున్న ప్రతిసారీ నా పెదవులు కదిలాయి. నేను చేసింది మాత్రం ఆ ఒప్పుకోలులో ఒక్కసారి కూడా లేదు.

ఎవరి సొమ్మూ తినలేదు. ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఒక మనిషి గొంతు నొక్కేశాను. హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెట్టి, అందరూ చూస్తుండగా, ఎవరికీ తెలియకుండా నొక్కేశాను.

మీరెవరో నాకు తెలియదు. అది మంచిదే. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఇది నా నోట రాదు. ఇన్నేళ్లూ రాలేదు.

నేను బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరింది, ఆలస్యమైతే ఎందుకైంది, అన్నీ రాసిపెట్టడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక డైరీ రాయడం నా అలవాటు. వాన పడితే రాశాను. పత్తి రేటు పడిపోతే రాశాను. ఇంట్లో ఆవకాయ పెట్టిన రోజు కూడా రాశాను. ఇది రాయలేదు. మీతో చెప్పడానికి కూర్చునే ముందు ఆ పాత డైరీలు తియ్యబుద్ధి కాలేదు. వాటిలో నేను మంచివాడిని.

గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప. మా పేటలో చిన్న మందిరం. ఉద్యోగం వచ్చిన కొత్తలో చీరాల వెళ్లి ఒక పాత హార్మోనియం కొనుక్కొచ్చాను. శ్రుతి మార్చుకునే మీట లేని మామూలు పెట్టె. దాన్ని పెట్టుకుని శనివారం సాయంత్రాలు మందిరంలో పాటలు నేర్పడం మొదలుపెట్టాను. మొదట నలుగురైదుగురు పిల్లలు వచ్చారు. తరవాత ఆడవాళ్లు వచ్చారు. పొలం నుంచి వచ్చి, రెండు చెంబులు పోసుకుని, తడి తలలతోనే చాప మీద కూర్చునేవాళ్లు. వాళ్లలో సువార్తమ్మ ఒకతె. కూలి పనికి పోయే మనిషి. చదువు రాదు. ఆమె భర్త ఏసోబు డోలక్ వాయించేవాడు. ఆమె నన్ను అన్నయ్య అనేది కాబట్టి అతను బావా అనేవాడు.

మా పాట ఎలా సాగుతుందో మీకు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది అర్థం కాదు. మాలో పుస్తకం చూసి పాడగలిగినవాళ్లు తక్కువ. ఒకరు పంక్తి ఎత్తుతారు. మిగిలిన వాళ్లంతా ఆ పంక్తిని అందుకుంటారు. మళ్లీ ఒకరు ఎత్తుతారు, మళ్లీ అందరూ అందుకుంటారు. ఎత్తే గొంతును నమ్మి అంతమంది నోరు తెరుస్తారు. ఆ గొంతు ఆగితే పాట ఆగుతుంది.

మొదట్లో ఎత్తేది నేనే. నాది పలచటి, పైకి పోయే గొంతు. పెట్టె నా గొంతుకు తగ్గట్టుగానే పెట్టుకునేవాణ్ణి. ఆడవాళ్లు పెదవులు కదిపేవాళ్లు, శబ్దం పెద్దగా వచ్చేది కాదు. సిగ్గు అనుకునేవాణ్ణి. ఒక శనివారం డ్యూటీ దిగడం ఆలస్యమైంది. బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు మీదికే పాట వినబడింది. అంత పాట మా మందిరంలోంచి నేనెప్పుడూ వినలేదు. పెట్టె లేదు, ఏసోబు డోలక్, దాని మీద సువార్తమ్మ ఎత్తుతోంది. కొంచెం బొంగురుగా, కిందిస్థాయిలో, అప్పుడే దున్నిన నేలలాంటి గొంతు. నేను సంచి భుజాన వేసుకుని గుమ్మం బయటే నిలబడిపోయాను. ఆ రోజు నాకు సంతోషమే కలిగింది. ఇది నిజం. అసూయ మొదటి రోజే రాలేదు.

తరవాతి వారం ఆమే అడిగింది, శ్రుతి కొంచెం కిందికి పెట్టమని, మా ఆడవాళ్లకి అంత పైన గొంతు ఆడటం లేదని. మూడు మెట్లు కిందికి జరిపాను. అప్పటినుంచి దానికి సువార్తమ్మ శ్రుతి అని పేరొచ్చింది. "సువార్తమ్మ శ్రుతిలో పెట్టండి" అనేవాళ్లు అందరూ. ఆ శ్రుతిలో నా గొంతు గుండెల్లోకి కుంగిపోయేది. కాబట్టి నేను పాడటం తగ్గించి వాయించడమే పనిగా పెట్టుకున్నాను. పెద్దమనసుతోనే చేశాననుకున్నాను. నిజంగా పెద్దమనసేనా? లేక అందరూ నన్ను బతిమాలి మళ్లీ పాడమంటారని ఎదురుచూశానా? ఎవరూ బతిమాలలేదు.

ఆమె దగ్గర ఒక పాట ఉండేది. వాళ్లమ్మ మిరప కోతల్లో పాడేదట. 'పొద్దు వాలే వేళ తోడు రావయ్యా, చేను దాటే దాకా చెయ్యి వీడకయ్యా' అని మొదలవుతుంది. పల్లవి నేల మీద నడుస్తుంది. చరణం ఎక్కుతుంది. 'గట్టెక్కి పిలిచాను, గొంతెత్తి పిలిచాను, వినవా నా తండ్రీ, వినవా' అని. ఆ రెండో 'వినవా' పాట మొత్తానికి శిఖరం. అక్కడ ఆమె కళ్లు మూసుకునేది. అందుకునేటప్పుడు మందిరం రేకులు అదిరేవి.

చుట్టుపక్కల ఊళ్ల సంఘాలన్నీ కలిసి ఏటా వేసవిలో ఒక చోట సభ పెట్టుకుని పాటలు పాడుకునేవి. మిరప అమ్ముడుపోయి చేతులు ఖాళీ అయ్యాక. పోటీ లేదు, బహుమతి లేదు. ఒక్కో ఊరు ఒక పాట ఎత్తుతుంది, వచ్చిన ఊళ్లన్నీ అందుకుంటాయి. ఆ ఏడు మా ఊరి వంతు వచ్చింది. ఏర్పాట్లు మాట్లాడటానికి పై ఊళ్ల పెద్దలు వచ్చారు. టీలు తాగుతూ వాళ్లలో ఒకాయన, నా పక్కనే కూర్చుని, సువార్తమ్మ పాట గురించి విన్నామని చెప్పి, "ఇంతకీ మీ దాంట్లో హార్మోనియం ఎవరండీ?" అన్నాడు.

నేను నోరు తెరిచే లోపలే ఏసోబు అందుకున్నాడు. "మా బావే గదండీ. నేను డోలు మోస్తా, బావ పెట్టె మోస్తాడు, మా ఆడది మా ఇద్దర్నీ మోసిద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ గ్లాసు కింద పెట్టేదాకా నవ్వుతూనే ఉన్నాను. ఏసోబు మనసులో ఏ మచ్చా లేదు. భార్యను చూసుకుని పొంగిపోయే మొగుడు మా పేటలో అతనొక్కడే అనేవాళ్లు. ఆ మాట మాత్రం నాలో దిగింది. పెట్టె మోసేవాడు. పెట్టె కొన్నది నేను. చాప మీద కూర్చోబెట్టి తాళం నేర్పింది నేను. ఆమెకు పంక్తులు కంఠస్థం చేయించింది నేను. పై ఊరి మనిషికి నేనెవరో తెలియదు, ఆమె తెలుసు.

చాలా ఏళ్లు నాకు నేను ఒకటి చెప్పుకున్నాను. అది కోపంలో జరిగిపోయిందని. మనిషన్నాక కోపం వస్తుంది, చెయ్యి జారుతుంది అని. ఈ అబద్ధాన్ని ఇక్కడే తీసేస్తాను. మీట లేని పెట్టె మీద శ్రుతి మారిస్తే పాట మొత్తం కొత్త మెట్ల మీద వాయించాలి. వేళ్లకు అలవాటు కావాలి. ఆమె పాటను నేను ఎప్పుడూ ఆమె శ్రుతిలోనే వాయించాను. మూడు మెట్లు పైన వాయించడం నాకు రాదు. నేర్చుకున్నాను. సభకు ముందు, ఇంట్లో, తలుపు దగ్గరగా వేసుకుని సాధన చేశాను. చెయ్యి జారడానికి ఎవరైనా సాధన చేస్తారా?

సభ మా ఊరి కళ్లంలో జరిగింది. మిరపకాయలు ఎత్తేసి చిమ్మినా ఆ నేలకు ఘాటు పోదు. కూర్చున్న వాళ్లు తుమ్ముతూ నవ్వుకుంటున్నారు. పొదిలి వైపు నుంచి ట్రాక్టర్లలో వచ్చారు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసే మావాళ్లు లారీ మాట్లాడుకుని వచ్చారు. మైకులు పెట్టారు. మా వాళ్లకు మైకు కొత్త. సువార్తమ్మ ఉతికిన నీలం చీర కట్టుకుని వచ్చింది. ఆ కోతల కాలమంతా మిరపలో పనిచేసింది కాబట్టి అందరిలాగే కొంచెం దగ్గుతోంది. పొద్దు వాలుతోంది. మా ఊరి పేరు పిలిచారు.

నేను వాయించడం మొదలుపెట్టాను, మూడు మెట్లు పైన. మైకులో పెట్టె గొంతు కొత్తగా ఉంటుంది, పక్కన జనం సందడి, ఆమెకు భయం. అవన్నీ నేను లెక్కలో వేసుకున్నవే. పల్లవి ఎత్తింది. ఎత్తగానే ఆమె తల నా వైపు తిరిగింది. ఒక్క చూపు. ఏదో తేడాగా ఉంది అన్నయ్యా అన్న చూపు. అప్పుడు కూడా ఆగవచ్చు. నవ్వేసి, దగ్గి, పెట్టె సర్దుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. నేను తల దించుకున్నాను. నా ఎడమ చెయ్యి గాలి కొట్టే తిత్తిని వదల్లేదు.

పల్లవిని కళ్లం మొత్తం అందుకుంది. ఆమెకు ధైర్యం వచ్చింది. చరణం ఎక్కింది. గట్టెక్కింది. గొంతెత్తింది. మొదటి 'వినవా' దగ్గర నరాలు పొంగాయి. రెండో 'వినవా' రాలేదు. వచ్చింది పాట కాదు. కుండ పగిలినట్టు ఒక శబ్దం వచ్చింది, మైకు దాన్ని ఊరి చివరిదాకా మోసింది. ఆ తరవాత ఏమీ లేదు. అంతమంది నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, అందుకోవడానికి ఏమీ లేదు. అలాంటి నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు.

అప్పుడు నేను అందుకున్నాను. ఆ శ్రుతి నా గొంతుకు చక్కగా సరిపోతుంది. 'వినవా నా తండ్రీ' అని నేను ఎత్తాను. జనం ఊపిరి పీల్చుకుని అందుకున్నారు. పాట చివరిదాకా నేనే నడిపాను. ఆమె నా పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కూర్చోవచ్చు. కూర్చోలేదు. పాట అయిపోయేదాకా నిలబడే ఉంది.

అయ్యాక అందరూ నన్ను మెచ్చుకున్నారు. మిరప ఘాటు పాపం ఆమె గొంతు తినేసిందని వాళ్లే కారణం కూడా చెప్పారు. నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ఏసోబు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఊరి పరువు నిలబెట్టావు బావా" అన్నాడు. అతని చేతులు డోలక్ వాయించి వేడిగా ఉన్నాయి.

ఇక్కడిదాకా నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నదే. స్నానం చేస్తూ చెప్పుకున్నాను, బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా ఇక్కడే ఆపేవాణ్ణి. దీని తరవాతిది చెప్పుకోలేదు. అసలు పాపం అది.

సభ జరిగిన తరవాతి వారంలో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ మా ఇంటికి వచ్చింది. నాకు సాయంత్రం డ్యూటీ. ఇంట్లో మా ఆవిడ లేదు, పుట్టింటికి పోయింది. సువార్తమ్మ గడప దగ్గరే నిలబడింది. ఎండన పడి వచ్చిందేమో ముఖం కందిపోయి ఉంది. రమ్మన్నాను. మంచినీళ్లిచ్చాను. తాగి గ్లాసు బోర్లించింది.

"అన్నయ్య గారూ, ఒక మాట అడుగుతా. దాయకుండా చెప్పండి. నా గొంతు పోయిందంటారా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. ఆయన మాత్రం ఏం గాలేదు, జలుబు అంటాడు. ఆయన మాటేం లెండి, నేను ఏడ్చినా రాగం తీశా అంటాడు." నవ్వబోయింది. "మీకు చెవి ఉంది. మీరు చెప్తే నమ్ముతా."

నేను గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"ఒక్కసారి పెట్టె తియ్యండన్నయ్యా. ఎవరూ లేరుగా. ఇక్కడ పాడి చూస్తా."

పెట్టె తీశాను. తిత్తి క్లిప్పు విప్పుతుంటే ఏమనుకున్నానో గుర్తుచేసుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించాను. ఇది దేవుడిచ్చిన అవకాశం అనుకున్నానా? సరిదిద్దేద్దాం అనుకున్నానా? అనుకునే ఉంటాను. కాని ఆమె శ్రుతిలో పెట్టి, ఆమె పాడి, 'వినవా' పలికితే? అప్పుడు ఆమెకు తెలిసిపోతుంది. గొంతు బాగానే ఉంది, మరి ఆ రోజు ఏమైంది అని ఆలోచిస్తుంది. ఆ చూపు గుర్తొస్తుంది. ఏసోబుకు చెబుతుంది. ఊరికి తెలుస్తుంది. నా వేళ్లు ఆమె మెట్ల మీదికి పోయి, అక్కడ ఆగి, అక్కడినుంచి పైకి జరిగాయి.

వాయించాను. ఆమె పల్లవి అంది. ఆగింది.

"ఇది నా శ్రుతేనా అన్నయ్య గారూ? పైన ఉన్నట్టుంది."

నన్నే చూస్తోంది. ఆ ప్రశ్నలో అనుమానం లేదు. దారి తెలియని మనిషి దారి అడిగినట్టు అడిగింది.

"నీ శ్రుతే సువార్తమ్మా" అన్నాను. "గొంతు కిందికి దిగిపోయింది గదా, అందుకని నీకు పైన అనిపిస్తోంది."

తల ఊపింది. మళ్లీ పాడింది. చరణం ఎక్కింది. అదే చోట అదే పగులు. ఈసారి మైకు లేదు. చిన్న గది. ఇద్దరమే ఉన్నాం.

కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే లెండి" అంది. "అడిగి మంచిదైంది. లేకపోతే ఇంకోసారి నలుగురిలో నవ్వులపాలయ్యేదాన్ని." లేచి, గడప దాటాక వెనక్కి తిరిగి, "మీరు చెప్పబట్టి నమ్మాను. ఇంకెవరు చెప్పినా మనసొప్పేది గాదు" అంది.

పోయింది. నేను పెట్టె మూసి డ్యూటీకి వెళ్లాను. ఆ సాయంత్రం బస్సులన్నీ వేళకే బయల్దేరాయి.

అసూయలో చేసింది ఒకటి. భయంలో చేసింది ఒకటి. మొదటిది ఆమె గొంతును ఒక సాయంత్రం ఆపింది. రెండోది జీవితాంతం ఆపింది. తన గొంతు మీద తనకున్న నమ్మకాన్ని ఆమె నా చేతుల్లో పెట్టింది, దాన్ని నేను విరిచి ఆమె చేతికే ఇచ్చాను.

ఆమె మళ్లీ పాడలేదు. శనివారాలు మానేసింది. ఆదివారం వచ్చేది, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చునేది. అందరూ అందుకునేటప్పుడు కూడా పెదవులు బిగించుకునే ఉండేది. నేను ముందు కూర్చుని, నా శ్రుతిలో, నేనే ఎత్తేవాణ్ణి. అప్పుడప్పుడు వెనక్కి చూసేవాణ్ణి. చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి. మిరప కోతల్లో కూడా పాట లేదని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. పక్క సాలులో ఆమె ఉంటే తమకూ నోరు రావడం లేదని అనేవాళ్లు. శనివారానికి వచ్చేవాళ్లు తగ్గుతూ వచ్చారు. నేను దానికి టీవీలే కారణమనేవాణ్ణి. బస్సు ఆలస్యానికి కారణం రాయడంలో నాకు అనుభవం ఉంది.

పదేళ్లు గడిచాక ఏసోబు జబ్బు పడ్డాడు. కాలేయం. ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మాలో ఎవరైనా చివరి దశలో ఉంటే సంఘం వెళ్లి మంచం చుట్టూ నిలబడి పాడుతుంది. పోయేవాడు పాట వింటూ పోవాలని. మేం వెళ్లాం. పెట్టె తీసుకెళ్లాను. ఏసోబు బాగా చిక్కిపోయి ఉన్నాడు. నన్ను చూసి, "డోలు ఎవరు మోస్తారు బావా ఇంక" అన్నాడు. తరవాత భార్య వైపు తిరిగి, "ఆ పాట" అన్నాడు. ఏ పాటో అందరికీ తెలుసు.

నేను ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లాను. ఆమె శ్రుతిలో పెట్టాను. అన్నేళ్ల తరవాత, మూడు మెట్లు కింద. పల్లవి ముందు వచ్చే వరస వాయించాను. మళ్లీ వాయించాను. పాడు సువార్తమ్మా, పాడు, అని లోపల వేడుకుంటున్నాను. ఆమె పాడితే నేను చేసింది రద్దయిపోతుందన్న ఆశ నాకు. అప్పుడు కూడా నా గురించే.

ఆమె మంచం పట్టె మీద కూర్చుని భర్త చెయ్యి పట్టుకుని ఉంది. తల అడ్డంగా ఊపింది. "వద్దన్నయ్య గారూ. పోయే మనిషి చెవిలో ఆ పగిలిన గొంతు ఎందుకు? బాగున్నప్పటిది ఆయనకు గుర్తుంది, అదే ఉండనివ్వండి. మీరు పాడండి."

ఒక్క పంక్తి పాడి చూడమని నేను అనలేదు. అంటే ఎందుకని అడుగుతుంది. ఆ శ్రుతిలో నాకు గొంతు రాదు. మళ్లీ మూడు మెట్లు పైకి జరిపాను. నేనే పాడాను. ఏసోబు కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి, పెదవుల మీద. పాట సగంలో ఉండగా ఆ చూపు ఆగిపోయింది. తను అడిగిన గొంతు వినకుండానే పోయాడు. నా గొంతు వింటూ పోయాడు.

ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. భూస్థాపన అయ్యాక చెప్పాల్సింది. నెల తరవాత అతని పేరున ఇంట్లో జరిగిన ఆదరణ కూటంలో చెప్పాల్సింది. ఆమె ఆ తరవాత చాలా ఏళ్లు బతికింది. మా వీధిలోంచే పనికి పోయేది. కనబడినప్పుడల్లా "బాగున్నారా అన్నయ్య గారూ" అనేది. ఏ రోజైనా చెప్పొచ్చు. ఆ 'ఏ రోజైనా' అన్నదే నన్ను పాడుచేసింది.

మొన్న మిరప కోతల్లో సువార్తమ్మ చనిపోయింది. చేలో కళ్లు తిరిగి పడిపోయిందట, ఇంటికి తెచ్చేలోపే ప్రాణం పోయింది. కూతురు కరుణ చీరాలలో నర్సు. తను వచ్చి మా ఇంటికి కబురు పంపింది. "మామయ్యా, అమ్మకు ఈ కీబోర్డులూ ట్రాకులూ వద్దు. మీ పాత పెట్టె తీసుకురండి."

సమాధుల తోటకు కోతల్లోంచి ఆడవాళ్లు అలాగే వచ్చారు. తలగుడ్డలు, ఎర్రబారిన వేళ్లు. గుంట పక్కన స్టూలు వేసి పెట్టె పెట్టారు. నా వేళ్లు వాటంతట అవే ఆమె మెట్ల మీదికి పోయాయి. వరస వాయించాను. ఎత్తడానికి నోరు తెరిచాను. గొంతు రాలేదు. వయసు మీద పడింది, ఆ శ్రుతి నాది కాదు, గాలి తప్ప ఏమీ రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. మళ్లీ ఆ నిశ్శబ్దం.

వెనకనుంచి ఒక ముసలామె ఎత్తింది. 'పొద్దు వాలే వేళ.' పక్కనున్న ఆమె అందుకుంది. ఆ తరవాత అందరూ. నా మందిరంలో ముప్పై ఏళ్లుగా పెదవులు మాత్రమే కదిపిన ఆడవాళ్లు, నేను సిగ్గరులు అనుకున్నవాళ్లు, పాట రానివాళ్లు అనుకున్నవాళ్లు, గుండెల నిండా పాడుతున్నారు. చరణం వచ్చింది. ఎక్కారు. రెండో 'వినవా' దగ్గర ఒక్క గొంతు కూడా పగల్లేదు.

ఆ క్షణంలో నాకు అర్థమైంది. అది సువార్తమ్మ ఒక్కదాని శ్రుతి కాదు. మా ఆడవాళ్లందరి శ్రుతి అదే. రోజంతా ఎండలో ఒంగి పనిచేసి వచ్చిన గొంతులు నిలబడగలిగే చోటు అది. ఆమె అది తెలిసే అడిగింది, 'మా ఆడవాళ్లకి' అని. నేను ఆ చోటును లాగేసుకుని ముప్పై ఏళ్లు నాకు సుఖంగా ఉన్న చోట పాడుకున్నాను. ఒక్క గొంతే నొక్కానని మొదట్లో మీకు చెప్పాను. అది కూడా తప్పు.

మట్టి పోశాక కరుణ నా దగ్గరికి వచ్చింది. "అది అమ్మ శ్రుతి గదా మామయ్యా? చిన్నప్పుడు విన్నా. ఇన్నేళ్లు గుర్తుపెట్టుకున్నారు." వాళ్ల నాన్న పట్టుకున్నట్టే నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. "ఎప్పుడూ మీ మాటే చెప్పేది. నా గొంతు సంగతి మొహం మీద నిజం చెప్పింది మా అన్నయ్య ఒక్కడే అనేది."

"గుర్తుంది తల్లీ" అన్నాను.

ఇంటికి వచ్చి కొన్ని రోజులు పెట్టె ముట్టుకోలేదు. తరవాత ఇది రాయడానికి కూర్చున్నాను. నా పేరు పెట్టలేదు. అయినా మా ఊరివాళ్లు ఎవరైనా చదివితే మూడు మెట్ల దగ్గరికి వచ్చేసరికి తెలిసిపోతుంది. కరుణ చదివితే ఇంకా ముందే తెలుస్తుంది. తెలియనివ్వండి. కళ్లకద్దుకున్న చేతులు ఏం చేశాయో తనకు తెలియాలి. క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి మట్టిలో ఉంది, ఇంకెవరికీ ఆ హక్కు లేదు. రాస్తుంటే చెయ్యి రెండు మూడు సార్లు ఆగింది. ఇప్పుడు ఆగడం లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి గొంతులో అడ్డం లేకుండా ఊపిరి ఆడుతోంది, అంతే నాకు దక్కింది.

ఆ మధ్యాహ్నం నా గదిలో ఆమె రెండు ప్రశ్నలు అడిగింది. వాటి జవాబులు ఇంకా నా దగ్గరే ఉండిపోయాయి.

కాదు సువార్తమ్మా. అది నీ శ్రుతి కాదు. నీ గొంతు పోలేదు.